కొన్న పాటలకు తాళం పడితే: పాత ఫైళ్లు, తాళం తీసే సాఫ్ట్‌వేర్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

2003 నుంచి 2009 దాకా ఆన్‌లైన్‌లో పాటలు కొన్నవాళ్లలో చాలామంది దగ్గర ఇప్పటికీ తాళం వేసిన ఫైళ్లు ఉన్నాయి. తాళం అంటే ఇక్కడ డీఆర్‌ఎం అనే కాపీ రక్షణ, అమ్మిన కంపెనీ అనుమతి లేని కంప్యూటర్‌లో అది పాటను పాడనివ్వదు. డబ్బు కట్టారు, రసీదు ఉంది, ఫైలు హార్డ్ డిస్కులో భద్రంగా ఉంది. కానీ నొక్కితే పాట రాదు. అప్పుడు ఎవరైనా చేసే పని తాళం తీసే సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం. ఒకటి పని చేయకపోతే ఇంకోటి, అదీ చేయకపోతే మరొకటి. నేనూ అదే చేశాను. నాలుగైదు ప్రోగ్రాములు ఎక్కించి, వారం రోజులు వాటితో కుస్తీ పట్టాక ఒక సంగతి తెలిసింది. నా ఫైళ్లలో సగానికి పైగా ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కొన్న అకౌంట్‌లోకి వెళ్తే తాళం లేని కాపీ దానంతట అదే దొరుకుతుంది. ఆ వారం ఇంకెవరికీ వృథా కాకూడదని ఈ ప్రశ్నలూ జవాబులూ రాస్తున్నాను.

నా ఫైలుకు తాళం ఉందో లేదో ముందు ఎలా తెలుసుకోవాలి?

ఫైలు పేరు చివర చూడండి. యాపిల్ పాటల స్టోర్ అయిన ఐట్యూన్స్‌లో కొన్నవైతే చివర ఎం4పి అని ఉంటే తాళం ఉన్నట్టు, ఎం4ఎ అని ఉంటే లేనట్టు. ఎంపీ3 ఫైళ్లకు ఈ గొడవే లేదు. డబ్ల్యూఎంఎ (విండోస్ మీడియా) ఫైళ్ల విషయంలో మాత్రం పేరు చూసి చెప్పలేం, తాళం ఉన్నా లేకపోయినా చివర అదే ఉంటుంది. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే ప్రొటెక్టెడ్ అనే గడి కనబడుతుంది. అందులో ఎస్ అని ఉందా, నో అని ఉందా చూస్తే సరిపోతుంది.

యాపిల్ పాటల ప్రోగ్రాము ఐట్యూన్స్‌లో గానీ, మ్యాక్‌లోని మ్యూజిక్ యాప్‌లో గానీ కైండ్ అనే కాలమ్ చూపించేలా పెట్టుకోండి. ప్రొటెక్టెడ్ ఏఏసీ అంటే పాత తాళం ఫైలు. పర్చేజ్డ్ ఏఏసీ అంటే కొన్నదే, కానీ తాళం లేదు. యాపిల్ మ్యూజిక్ ఏఏసీ అంటే మీరు కొన్నది కాదు, చందా కడుతున్నంతకాలం వినడానికి ఇచ్చినది. ఈ మూడోదానికీ చివర ఎం4పి అనే ఉంటుంది కాబట్టి చాలామంది కొన్నవాటినీ చందావాటినీ కలిపేసుకుని తికమక పడతారు. కైండ్ కాలమ్ మీద ఒకసారి నొక్కితే ఏ రకం ఎన్ని ఉన్నాయో వరుసగా విడిపోతాయి. మిగతా పనంతా దీన్నిబట్టే ఉంటుంది కాబట్టి ఇది పూర్తి చేశాకే ముందుకు వెళ్లండి.

ఫైలు నా దగ్గరే ఉంది కదా, కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే ఎందుకు పాడదు?

మీరు కాపీ చేసింది పెట్టెను, తాళంచెవిని కాదు. ఎం4పి ఫైలులో పాట సంకేత రూపంలో ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి మీ అకౌంట్‌కు సంబంధించినది, అది కంప్యూటర్‌లో వేరేచోట దాచి ఉంటుంది. కంప్యూటర్‌ను ఆథరైజ్ చేయడం అంటే ఆ తాళంచెవులను కంపెనీ సర్వర్ నుంచి తెచ్చి ఈ కంప్యూటర్‌లో పెట్టడమే. విండోస్ మీడియా పాటలకు లైసెన్స్ అనేది విడిగా ఉంటుంది. అది ఆ ఒక్క కంప్యూటర్ భాగాలకు ముడిపడి ఉంటుంది. అందుకే మదర్‌బోర్డు మార్చినా, విండోస్ మళ్లీ ఎక్కించినా పాత లైసెన్స్ చెల్లదు.

ఏ సంవత్సరం తర్వాత కొన్నవాటికి తాళం లేదు?

యాపిల్ పాటల స్టోర్ 2003 ఏప్రిల్ 28న మొదలైంది. ఒక్కో పాట 99 సెంట్లు, 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) నాణ్యత, ఫెయిర్‌ప్లే అనే తాళం. 2007 ఫిబ్రవరిలో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగంగా ఒక లేఖ రాసి, రికార్డు కంపెనీలు ఒప్పుకుంటే తాళాలు తీసేయడానికి తాము సిద్ధమన్నారు. అదే ఏడాది మేలో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ పాటలు తాళం లేకుండా 256 కేబీపీఎస్‌లో వచ్చాయి, వాటికి 1.29 డాలర్లు పెట్టారు. సెప్టెంబరులో అమెజాన్ ఎంపీ3 దుకాణం తెరిచింది, అందులో మొదటి నుంచీ తాళం లేదు. 2009 జనవరిలో యాపిల్ మిగతా పెద్ద కంపెనీల పాటలకూ తాళం తీసేస్తున్నట్టు ప్రకటించింది, కొద్ది నెలల్లో ఆ పని పూర్తి చేసింది. కాబట్టి 2009 మధ్య తర్వాత యాపిల్ దగ్గర కొన్న పాట పాడడం లేదంటే కారణం తాళం కాదు. ఫైలు పాడైందేమో, పేరు మారిందేమో చూడండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు ఏం చేయాలి?

కొన్నచోటే మళ్లీ దించుకోవడానికి ప్రయత్నించండి. 2011 నుంచి యాపిల్ పాత కొనుగోళ్లను మళ్లీ ఉచితంగా దించుకోనిస్తోంది. ఆ పాట ఇంకా స్టోర్‌లో ఉంటే, మీరు 2004లో తాళంతో 128లో కొన్నా సరే, ఇప్పుడు వచ్చేది తాళం లేని 256 కాపీ. నేను గంటలకొద్దీ వెతికిన సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫలితం కన్నా ఇది మేలైనది. ఏ విధంగా తాళం తీసినా 128 నుంచి 256 నాణ్యత రాదు కదా.

ఇక్కడ చాలామంది ఇరుక్కునేది ఒక చిన్న విషయం దగ్గర. పాత తాళం ఫైలు లైబ్రరీలోనే ఉంటే, పాట ఇప్పటికే మీ దగ్గర ఉందనుకుని ప్రోగ్రాము డౌన్‌లోడ్ గుర్తు చూపించదు. ముందు ఆ ఫైళ్లన్నీ ఒక బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. కాపీ చేసినవి నిజంగా ఉన్నాయని తెరిచి చూసుకోండి. ఆ తర్వాతే లైబ్రరీలోంచి తీసేయండి. అప్పుడు స్టోర్‌లో పర్చేజ్డ్ జాబితాలో మేఘం గుర్తు వస్తుంది, దాన్ని నొక్కితే కొత్త కాపీ దిగుతుంది. మొదట ఒక్క పాటతో చేసి చూడండి. వచ్చిందని తేలాక మిగతావి చేయండి.

కొన్ని పాటలు రావు. రికార్డు కంపెనీ ఆ పాటను స్టోర్ నుంచి వెనక్కి తీసుకుని ఉండవచ్చు, లేదా మీ అకౌంట్‌ను ఈమధ్య వేరే దేశపు స్టోర్‌కు మార్చి ఉండవచ్చు. ఒక్కోసారి అదే ఆల్బమ్ కొత్త ఎడిషన్‌గా మళ్లీ పెట్టినప్పుడు పాతదానితో సంబంధం తెగిపోతుంది. అలాంటివి మీ జాబితాలో చివరకు పదో ఇరవయ్యో మిగులుతాయి. అసలు తలనొప్పి ఆ ఇరవైకే, వందలాది పాటలకు కాదు.

ఏ అకౌంట్‌తో కొన్నానో గుర్తులేదు. ఎలా?

ఫైలులోనే రాసి ఉంటుంది. పాటను ఎంచుకుని గెట్ ఇన్ఫో నొక్కి, ఫైల్ అనే ట్యాబ్ చూడండి. ఎవరు కొన్నారు, ఏ అకౌంట్, ఏ తేదీ అన్నీ ఉంటాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేరువేరు అకౌంట్లతో కొని, పాటలన్నీ ఒకే ఫోల్డర్‌లో కలిపేసిన సందర్భాల్లో ఇది చాలా పనికొస్తుంది. ఆ ఈమెయిల్ ఇప్పుడు వాడకంలో లేకపోయినా యాపిల్ అకౌంట్‌ను తిరిగి తెచ్చుకునే దారి ఉంది. పాత రసీదు మెయిల్ ఏదైనా మిగిలి ఉంటే దాచిపెట్టుకోండి.

ప్రతిసారీ ఆథరైజ్ చేయమంటుంది. చేస్తే ఇప్పటికే చేశారంటుంది. మళ్లీ అడుగుతుంది.

ఇది చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. అకౌంట్ పోయిందేమో, పాటలన్నీ పోయినట్టేనేమో అనిపిస్తుంది. అదేం కాదు. కంప్యూటర్‌లో తాళంచెవులు దాచే ఫోల్డర్ చెడిపోయింది, అంతే.

ఆ ఫోల్డర్ పేరు ఎస్‌సీ ఇన్ఫో. విండోస్‌లో అది ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ లోపల, యాపిల్ కంప్యూటర్ అనే ఫోల్డర్‌లో, ఐట్యూన్స్ కింద ఉంటుంది. ప్రోగ్రామ్‌డేటా మామూలుగా కనబడదు, దాచిన ఫైళ్లను చూపించమని సెట్టింగ్ మార్చాలి. మ్యాక్‌లో యూజర్స్ కింద షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఐట్యూన్స్ మూసేసి, ఎస్‌సీ ఇన్ఫోను తొలగించి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, ఐట్యూన్స్ తెరిచి మళ్లీ ఆథరైజ్ చేయండి. దీనివల్ల పాటల ఫైళ్లకు ఏమీ కాదు. తాళంచెవులు సర్వర్ నుంచి కొత్తగా వస్తాయి. విండోస్‌లో ఒకసారి అడ్మినిస్ట్రేటర్‌గా ఐట్యూన్స్ నడిపితే కూడా ఈ గొడవ తీరవచ్చు, ఎందుకంటే ఆ ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేకపోవడం కూడా ఒక కారణం.

తాళం తీసే సాఫ్ట్‌వేర్ పని చేయడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది అసలు సమస్య ఇదే. ఐట్యూన్స్‌లోనే పాడని పాటను ఇంకో ప్రోగ్రాము ఎలా పాడిస్తుంది?

ఐదు కంప్యూటర్లు అయిపోయాయంటోంది. నాకున్నది ఒక్కటే!

ఒక అకౌంట్‌కు ఐదు కంప్యూటర్లనే ఆథరైజ్ చేయవచ్చు. పాతవి అమ్మేసినా, పాడైపోయినా, ఆథరైజేషన్ తీసేయకపోతే లెక్కలో ఉండిపోతాయి. విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు అదే కంప్యూటర్ రెండుసార్లు లెక్కకు రావచ్చు. అకౌంట్ సెట్టింగ్స్‌లో డీఆథరైజ్ ఆల్ అనే బటన్ ఉంది. అన్నింటినీ ఒకేసారి తీసేసి, మీ చేతిలో ఉన్నదాన్ని మళ్లీ చేర్చుకోండి. ఏడాదికి ఒక్కసారే ఈ అవకాశం, కాబట్టి మిగతా దారులు చూశాకే వాడండి.

తాళం తీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. పాటలు జాబితాలో కనబడుతున్నాయి, మార్చినట్టు చూపిస్తోంది, కానీ ఫైలు నిశ్శబ్దంగా ఉంది. ఎందుకు?

ఈ ప్రోగ్రాములు ఎలా పని చేస్తాయో తెలిస్తే జవాబు దొరుకుతుంది. ఇప్పుడు అమ్మకానికి ఉన్నవాటిలో చాలావరకు తాళాన్ని పగలగొట్టవు. వెనకాల ఐట్యూన్స్ చేత పాటను పాడించి, ఆ శబ్దాన్ని ఒక నకిలీ సౌండ్ కార్డు ద్వారా పట్టుకుని కొత్త ఫైలుగా రాస్తాయి. అంటే అది రికార్డింగ్. కాబట్టి రికార్డింగ్‌కు వచ్చే ఇబ్బందులన్నీ దీనికీ వస్తాయి.

నిశ్శబ్దం వచ్చిందంటే చాలావరకు ఐట్యూన్స్ ఒక సౌండ్ పరికరానికి పాడుతోంది, ప్రోగ్రాము ఇంకోదాన్ని వింటోంది. హెడ్‌ఫోన్ గుచ్చినా, బ్లూటూత్ స్పీకర్ కలిపినా విండోస్ దారి మార్చేస్తుంది. లేదా ఆ నకిలీ సౌండ్ కార్డు డ్రైవర్‌కు సరైన డిజిటల్ సంతకం లేదని విండోస్ దాన్ని ఆపేసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఎక్కించిన ఐట్యూన్స్ వేరే పద్ధతిలో నడుస్తుంది కాబట్టి పాత ప్రోగ్రాములు కొన్ని దాన్ని గుర్తించనే గుర్తించవు.

పాట వస్తుంది కానీ స్వరం కొంచెం తేడాగా, వేగంగానో నెమ్మదిగానో ఉందంటే శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) కుదరలేదు. ఈ పాటలు 44,100 హెర్ట్జ్‌వి. సౌండ్ కార్డు 48,000లో ఉంటే, మధ్యలో మార్పిడి సరిగా జరగకపోతే ఇలా అవుతుంది. రెండింటినీ 44,100కి పెడితే సరి. మధ్యలో టిక్కుమని శబ్దాలు వస్తుంటే ఆ సమయంలో కంప్యూటర్ మీద వేరే బరువు పనులు నడుస్తున్నాయేమో చూడండి. మెయిల్ వచ్చినప్పుడు మోగే గంట కూడా పాటలో పడుతుంది, నోటిఫికేషన్లు ఆపండి. పాట చివర తరవాతి పాట మొదలు కలిసిపోతుంటే ఐట్యూన్స్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉన్నట్టు. సౌండ్ చెక్, ఈక్వలైజర్ కూడా ఆపేయాలి, లేకపోతే వాటి ప్రభావం శాశ్వతంగా ఫైలులో ఉండిపోతుంది.

పాట నిమిషంన్నర దగ్గర ఆగిపోతే ముందు మీది ట్రయల్ వెర్షనేమో చూసుకోండి. ట్రయల్‌లో ప్రతి పాటలో కొంత భాగమే ఇచ్చే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఆ విషయం ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

వంద పాటలకు రాత్రంతా పడుతోంది. వేగం పెంచవచ్చా?

రికార్డు చేసే పద్ధతిలో పాట ఎంతసేపో పని అంతసేపు. నాలుగు నిమిషాల పాటలు వంద అంటే 400 నిమిషాలు, దాదాపు 7 గంటలు. కొన్ని ప్రోగ్రాములు రెట్టింపు వేగం అంటాయి, అందులో తప్పులు ఎక్కువ. రాత్రి వదిలేసేటట్టయితే కంప్యూటర్ నిద్రలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చి వెళ్లండి.

నిన్నటిదాకా పని చేసింది. ఐట్యూన్స్ అప్‌డేట్ తర్వాత ఆగిపోయింది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లమంటున్నారు, వెళ్లనా?

ఇది మొదటి నుంచీ జరుగుతున్నదే. 2003 నవంబరులోనే నార్వేకు చెందిన యాన్ లెక్ యోహాన్సెన్ ఐట్యూన్స్ పాటలను తాళం లేకుండా పట్టుకునే ప్రోగ్రాము ఒకటి విడుదల చేశారు. ఆ తర్వాత అలాంటివి ఎన్నో వచ్చాయి. ఒక ప్రోగ్రాము రావడం, యాపిల్ అప్‌డేట్ ఇవ్వడం, అది ఆగిపోవడం ఏళ్ల తరబడి సాగింది.

వెనక్కి వెళ్లవద్దనే నా మాట. పాత వెర్షన్‌లో భద్రతా లోపాలు సరిచేసి ఉండవు. పైగా కొత్త వెర్షన్ మార్చిన లైబ్రరీని పాతది తెరవలేదు. ఇరవై పాటల కోసం పదేళ్ల ప్లేలిస్టులు, రేటింగులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, చాలా బాధపడ్డారు.

ఉచితంగా దొరికే తాళం తీసే ప్రోగ్రాములు నమ్మవచ్చా?

యాపిల్ పాస్‌వర్డ్ తన సొంత కిటికీలో టైప్ చేయమంటే అక్కడే ఆగండి. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమంటే ఆగండి. వాడకంలో లేని పాత ప్రాజెక్టుల పేర్లు పెట్టుకుని కొత్తగా ఎవరో పెట్టిన డౌన్‌లోడ్ పేజీలను అసలే నమ్మకండి. పాటల తాళం కోసం వెతికేవాళ్లు తొందరలో ఉంటారని, హెచ్చరికలు చదవకుండా నొక్కుతారని అలాంటి పేజీలు పెట్టేవాళ్లకు బాగా తెలుసు.

హాని తాళం వేసేవైపు నుంచి కూడా వచ్చిందని ఇక్కడ చెప్పాలి. 2005లో సోనీ బీఎంజీ కొన్ని ఆడియో సీడీలలో పెట్టిన కాపీ రక్షణ ప్రోగ్రాము, కొన్నవాళ్ల కంప్యూటర్‌లో తనను తాను దాచుకునే రూట్‌కిట్ అనే దొంగ ప్రోగ్రామును ఎక్కించింది. అక్టోబరు 31న కంప్యూటర్ నిపుణుడు మార్క్ రుసినోవిచ్ దాన్ని బయటపెట్టారు. ఆ రంధ్రంలోంచి వైరస్‌లు దూరాయి, చివరకు కంపెనీ ఆ సీడీలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. డబ్బు పెట్టి సీడీ కొన్నవాళ్ల కంప్యూటర్లే చెడిపోయాయి.

కొన్న పాటకు తాళం తీయడం నేరమా?

దేశాన్నిబట్టి ఉంటుంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం తాళాన్ని దాటడాన్నే నిషేధిస్తుంది. పాట మీరు కొన్నదైనా, మీరు మాత్రమే వింటున్నా అది విడిగా తప్పే. ఐరోపా సమాఖ్యలో 2001 కాపీరైట్ ఆదేశం ప్రకారం సభ్య దేశాలన్నీ అలాంటి నియమం పెట్టుకున్నాయి. భారతదేశంలో కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది. అందులో కాపీరైట్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం దాటితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా అని ఉంది. ఆ ఉద్దేశం అనే మాట వల్ల అది అమెరికా చట్టం కన్నా వేరుగా ఉంది.

నా అభిప్రాయం అడిగితే, డబ్బు కట్టి కొన్న పాటను తన కంప్యూటర్‌లో వినడానికి ఒక మనిషి ఇన్ని తిప్పలు పడకూడదు. కానీ చట్టం ఏమందో అది అంది. అందుకే అమ్మినవాళ్లే ఒప్పుకున్న దారులు ఉన్నంతవరకు వాటితోనే వెళ్లమని చెబుతాను. అదృష్టవశాత్తూ అవి చాలా పాటలకు సరిపోతాయి.

అమ్మినవాళ్లే ఒప్పుకున్న దారి ఇంకేముంది?

ఆడియో సీడీగా బర్న్ చేయడం, అంటే పాటలను ఖాళీ సీడీ మీద రాయడం. ఐట్యూన్స్ ఈ సౌకర్యాన్ని మొదటి రోజు నుంచే ఇచ్చింది. తాళం పాటలున్న ఒకే ప్లేలిస్టును మార్చకుండా ఏడుసార్లకు మించి బర్న్ చేయకూడదన్నదే షరతు. సీడీలో పాట మామూలు ఆడియో సీడీ పాటలాగే పడుతుంది. ఆ సీడీని మళ్లీ కంప్యూటర్‌లోకి రిప్ చేసుకుంటే వచ్చే ఫైలుకు తాళం ఉండదు. దీనికి కొత్త ప్రోగ్రాము ఏదీ అక్కర్లేదు, ఎవరికీ పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు.

నాణ్యత గురించి చాలా అపోహలున్నాయి. బర్న్ చేసేటప్పుడు వినికిడిలో తేడా వచ్చేంత నష్టమేమీ జరగదు. 128 కేబీపీఎస్ పాట విప్పుకుని 44,100 హెర్ట్జ్, 16 బిట్ రూపంలో సీడీ మీద పడుతుంది. నష్టం జరిగేది రిప్ చేసేటప్పుడు మళ్లీ ఎంపీ3గానో ఏఏసీగానో కుదిస్తేనే. ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే సింబల్స్ మోగేచోట, చప్పట్ల దగ్గర, స అనే అక్షరం పలికేచోట గరగరమంటుంది. అందుకని రిప్ సెట్టింగ్‌లో నాణ్యత పోకుండా ఉంచే యాపిల్ లాస్‌లెస్ గానీ ఫ్లాక్ గానీ ఎంచుకోండి. ఐట్యూన్స్‌లో ఫ్లాక్ ఉండదు, అందులో చేసేటట్టయితే యాపిల్ లాస్‌లెస్. ఫైలు పెద్దదవుతుంది. నిమిషానికి 1 ఎంబీ ఉన్న పాట 5 ఎంబీ దాకా పోవచ్చు. ఇప్పటి డిస్కులకు అదో లెక్క కాదు.

80 నిమిషాల సీడీలో ఇరవై పాటలు పడతాయి. మళ్లీ మళ్లీ రాయగలిగే సీడీ ఒక్కటి కొనుక్కుంటే, రాయడం, రిప్ చేయడం, చెరపడం, మళ్లీ రాయడం అంతా దానిమీదే అయిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. బర్న్ సెట్టింగ్‌లో పాటల మధ్య విరామం రెండు సెకన్లు అని ఉంటుంది. లైవ్ కచేరీ ఆల్బమ్ అయితే దాన్ని తీసేయండి, లేకపోతే చప్పట్ల మధ్యలో కోత పడుతుంది. వేగం తక్కువ పెట్టి రాయండి.

సీడీ నుంచి తీశాక ట్రాక్ 01, ట్రాక్ 02 అని వస్తున్నాయి.

ఆడియో సీడీలో పేర్లు మామూలుగా ఉండవు. బర్న్ చేసిన ఐట్యూన్స్‌లోనే రిప్ చేస్తే చాలాసార్లు పేర్లు గుర్తుపెట్టుకుంటుంది. వేరే కంప్యూటర్‌లో చేస్తే పోతాయి. బర్న్ సెట్టింగ్‌లో పేర్లను కూడా సీడీ మీద రాసే సీడీ టెక్స్ట్ ఎంచుకుంటే కొంత మేలు. పోయినవాటికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, అది పాటను విని దాని ముద్రను బట్టి పేరు వెతుకుతుంది. పాత పాటలకూ, చిన్న కంపెనీల ఆల్బమ్‌లకూ అది తడబడుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే పాత జాబితాను టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసి పెట్టుకోండి.

128 పాటను 320గా మార్చితే బాగుంటుందా?

బాగుండదు. ఫైలు పెద్దదవుతుంది, అంతే.

ఐట్యూన్స్ మ్యాచ్ వల్ల ఉపయోగం ఉందా?

ఉంది, సీడీ డ్రైవ్ లేనివాళ్లకు ముఖ్యంగా. 2011 నవంబరులో మొదలైన చందా ఇది, అమెరికాలో ఏడాదికి 24.99 డాలర్లు. మీ లైబ్రరీలోని పాటలను స్టోర్‌లోని పాటలతో పోల్చి, దొరికినవాటికి తాళం లేని 256 కాపీ ఇస్తుంది. పాత ఎం4పి ఫైళ్లు పాడే కంప్యూటర్ మీ చేతిలో ఉంటే వాటికీ ఇది పని చేస్తుంది. దించుకున్న కాపీలు చందా ఆపేశాక కూడా మీవే. దీన్ని యాపిల్ మ్యూజిక్ చందాతో కలిపేసుకోవద్దు. అక్కడ దించుకున్నవి తాళంతో వస్తాయి, చందా ఆగిన రోజున మూగబోతాయి. ఏది ఎక్కడ నుంచి వచ్చిందో చూడకుండా పాత ఫైళ్లు చెరిపేసి, తర్వాత తెలుసుకుని బాధపడినవాళ్లున్నారు. కైండ్ కాలమ్ చూడమన్నది అందుకే.

నావి డబ్ల్యూఎంఎ పాటలు. లైసెన్స్ దొరకలేదంటోంది. అమ్మిన స్టోరే లేదు.

ఈ ప్రశ్నకు జవాబు రాయడం నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే నాకూ ఇదే జరిగింది. మూతపడిన ఒక స్టోర్ నుంచి దాదాపు తొంభై పాటలు కొన్నాను. మూసేస్తున్నట్టు మెయిల్ పంపారట, అప్పటికి నేను ఆ ఈమెయిల్ చూడడం మానేశాను. కొన్నాళ్లకు కంప్యూటర్ మార్చాను. తొంభై పాటలూ ఒక్క రోజులో రాళ్లయ్యాయి.

2008లో ఇలాంటివి వరసగా జరిగాయి. తమ పాటల స్టోర్ ఎంఎస్‌ఎన్ మ్యూజిక్ లైసెన్స్ సర్వర్లను ఆగస్టు చివర ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ఏప్రిల్‌లో చెప్పింది. కొన్నవాళ్లు గట్టిగా అడ్డుపడడంతో గడువు 2011 దాకా పొడిగించింది. యాహూ మ్యూజిక్ సెప్టెంబరు 30న సర్వర్లు ఆపి, కొన్నవాళ్లకు కూపన్లు ఇచ్చింది. వాల్‌మార్ట్ కూడా అక్టోబరులో ఆపేస్తామని ప్రకటించి, వ్యతిరేకత చూసి వెనక్కి తగ్గింది. వాళ్లు ఇచ్చిన సలహా కూడా పైన చెప్పినదే: సీడీగా బర్న్ చేసుకోండి. పైగా విండోస్ 10లో 2016 నాటి పెద్ద అప్‌డేట్ నుంచి పాత విండోస్ మీడియా తాళం పాటలకు మద్దతే తీసేశారు.

ఇప్పుడు చేయగలిగింది ఏమిటంటే, ఆ పాటలు ఒకప్పుడు పాడిన పాత కంప్యూటర్ ఇంకా ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా, విండోస్ మార్చకుండా, భాగాలు మార్చకుండా ఆన్ చేయండి. తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి, కంప్యూటర్ గడియారాన్ని నడిపే చిన్న సీమాస్ బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కి వెళ్తే లైసెన్స్ పని చేయకపోవచ్చు. పాట పాడితే వెంటనే మీడియా ప్లేయర్‌లోంచి సీడీ బర్న్ చేసుకోండి. పాట లైసెన్స్‌లో బర్న్ చేయడానికి అనుమతి ఉంటే అది చేయనిస్తుంది. పాత కంప్యూటర్ లేకపోతే ఆ ఫైళ్లను తెరిచిస్తామనే ఏ ప్రోగ్రామునూ డబ్బు పెట్టి కొనకండి. లైసెన్స్ లేని ఫైలును పాడించడం వాటివల్ల కాదు. నా తొంభైలో అరవై దాకా తాళం లేకుండా మళ్లీ కొనుక్కున్నాను. మిగిలినవి ఎక్కడా దొరకలేదు.

తాళం లేని ఫైలును స్నేహితులకు పంపవచ్చా?

పంపకూడదు. తాళం లేకపోవడం అంటే హక్కులు లేకపోవడం కాదు. పైగా యాపిల్ దగ్గర కొన్న తాళం లేని ఫైళ్లలో కూడా కొన్నవారి పేరు, ఈమెయిల్ రాసి ఉంటాయి. పాత ఫోను ఎవరికైనా ఇచ్చేటప్పుడు కూడా ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇకమీదట కొనేటప్పుడు ఏం చూడాలి?

ఫైలు దించుకోనిస్తారా, ఏ రూపంలో ఇస్తారు అన్న రెండే. బ్యాండ్‌క్యాంప్, కోబజ్ లాంటిచోట్ల కొన్న పాట ఫ్లాక్‌లో దించుకోవచ్చు. ఫ్లాక్ దగ్గరుంటే తర్వాత ఏ రూపంలోకైనా మార్చుకోవచ్చు, మూలం చెడదు. కొన్న రోజే దించుకోండి, అకౌంట్‌లో ఉందిలే అనుకోవద్దు. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి డిస్కులో ఉండాలి. ఇంకోటి ఇంటికి దూరంగా ఎక్కడైనా ఉంటే మరీ మంచిది.

కొత్త కాపీలు వచ్చాక పాత తాళం ఫైళ్లు చెరిపేయవచ్చా?

వెంటనే వద్దు. కొత్త ఫైళ్లలో ఒక పదిహేను ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా వినండి. మొదటి రెండు సెకన్లు తెగాయేమో, చివర ముందే ఆగిపోయిందేమో, ఎడమ చెవికి కుడి చెవికి రెండింటికీ వస్తోందేమో చూడండి. పాత ఫైలు నిడివి, కొత్త ఫైలు నిడివి పక్కపక్కన పెడితే తేడా ఉన్నవి ఇట్టే దొరుకుతాయి. రెండు సెకన్లకు మించి తేడా ఉంటే ఆ పాటను మళ్లీ చేయండి. దించుకున్న కాపీ వేరే ఎడిషన్‌ది అయి, మీరు ఇన్నేళ్లూ విన్న పాట కాకుండా కొత్తగా మిక్స్ చేసినది రావడం కూడా ఉంది. అది చెవితో వింటే తప్ప తెలియదు.

వెయ్యి పాత పాటలు 4 జీబీకి అటూ ఇటూ. ఒక మూలన ఉంచినా పెద్ద చోటేమీ పట్టదు, కొన్న తేదీ, కొన్న అకౌంట్ వివరాలూ వాటిలోనే ఉంటాయి. నా పాత ఫైళ్లన్నీ ఒక డిస్కులో పెట్టి, పైన ఏ సంవత్సరం, ఏ అకౌంట్ అని చీటీ అంటించి ఉంచాను.